సశేషం తర్వాత: ‘అలన్ వేక్’ మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ‘అలన్ వేక్’ అనే వీడియో గేమ్ గురించి రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వీడియో గేమ్ కథల గురించి రిటైరైన ప్రూఫ్‌రీడర్ రాయడమేమిటని ఇద్దరు అడిగారు. నేను ఇరవై రెండేళ్ళు వారపత్రికలో సీరియళ్ళ ప్రూఫులు దిద్దాను. చేతబడులు, పాడుబడ్డ బంగళాలు, తెల్లచీర ఆవిడలు, అర్ధరాత్రి మోగే ఫోన్లు, అన్నీ నా ఎర్ర పెన్ను కింద నుంచే అచ్చుకు వెళ్ళాయి. మేనల్లుడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన ఎక్స్‌బాక్స్ మా ఇంట్లో వదిలేశాడు. మిగతాది మీరే ఊహించుకోండి.

పోయిన సంచిక చూడనివాళ్ళ కోసం జరిగిన కథ: అలన్ వేక్ పేరు మోసిన థ్రిల్లర్ రచయిత. రెండేళ్ళుగా ఒక్క పేజీ రాయలేదు. భార్య ఆలిస్‌తో కలిసి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రైట్ ఫాల్స్ అనే చిన్న ఊరికి సెలవులకు వస్తాడు (ఊరు కల్పితం, వెతక్కండి). సరస్సు మధ్యలో ఇల్లు. మొదటి రాత్రే ఆలిస్ మాయమవుతుంది. అతను కళ్ళు తెరిచేసరికి వారం గడిచిపోయి ఉంటుంది, కారు కొండ అంచున ఉంటుంది. అడవిలో ఒక నవల పేజీలు ఒక్కొక్కటే దొరుకుతుంటాయి. రాసింది తనే, రాసినట్టు మాత్రం గుర్తు లేదు. అందులో ఉన్నట్టే అన్నీ జరుగుతుంటాయి. ఫిన్లండ్‌కు చెందిన రెమెడీ అనే సంస్థ దీన్ని 2010లో తెచ్చింది, రెండో భాగం 2023లో వచ్చింది.

ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మేడమ్, తర్వాత ఏం జరుగుతుందో ఆ పేజీలే చెప్పేస్తుంటే ఇంకా టెన్షన్ ఎక్కడిది? మోటారు రంపం పట్టుకుని ఒకడు వస్తాడని పేజీలో చదివాను, కాసేపటికి వాడు నిజంగానే వచ్చాడు. సస్పెన్స్ అంటే చెప్పకుండా దాచడమే కదా? (డిగ్రీ విద్యార్థి, తణుకు)

జవాబు: బాబూ, ఆ పేజీ చదివాక వాడు వచ్చేదాకా ఎలా నడిచావో ఒకసారి గుర్తు తెచ్చుకో. ప్రతి షెడ్డు దగ్గరా ఆగి ఉంటావు. గాలికి ఏదో చప్పుడైతే రంపమే అనుకుని ఉంటావు. ఆ పేజీ దొరక్కపోయి ఉంటే వాడు వచ్చిన క్షణంలో ఒక్కసారి ఉలిక్కిపడి, అక్కడితో మర్చిపోయేవాడివి.

ఇది నాకు ఉద్యోగం నేర్పింది. నా బల్ల మీదికి వచ్చే ప్రూఫు ఎప్పుడూ పాఠకుల చేతికి వెళ్ళే సంచిక కంటే ఒక వారం ముందుండేది. ఒక సీరియల్లో, పేరు వద్దులే, కథానాయిక స్టోర్‌రూమ్ తలుపు తీస్తుందని, లోపల మేనమామ శవం వేలాడుతూ ఉంటుందని నాకు ముందే తెలిసిపోయింది. అంతకు ముందు వారం అచ్చయిన భాగంలో ఆ పిల్ల ఇంకా వంటింట్లో కాఫీ కలుపుకుంటోంది. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఆ పేజీ చదువుతూ ఆవులించింది కూడా. ఆవిడకది ఉత్త కాఫీ. నాకు మాత్రం ‘ఆ గ్లాసు కింద పెట్టకమ్మా’ అని అరవాలనిపించింది. గ్లాసు కింద పెడితే ఆ పిల్ల స్టోర్‌రూమ్ వైపు వెళ్తుంది.

అలన్ వేక్ ఆడేవాళ్ళని ఈ ఆట నా కుర్చీలో కూర్చోబెడుతుంది. పేజీలు మొత్తం వందకు పైగానే ఉన్నాయి. కొన్నైతే ‘నైట్‌మేర్’ అనే కష్టమైన స్థాయిలో ఆడితేనే దొరుకుతాయి. వరసగా దొరకవు. ఒకటి నీ గురించి, ఇంకోటి ఊళ్ళో మరో మూల వేరే మనిషికి పట్టిన గతి గురించి. నువ్వు అక్కడికి వెళ్ళవు, ఆ మనిషిని కాపాడలేవు, చదువుతావంతే. ఇంకో కిటుకు చూడు. నీ గురించిన పేజీ ‘రంపం మోత వినిపించింది’ అన్నట్టు జరిగిపోయిన సంగతిలా ఉంటుంది. రాసినవాడికి అయిపోయింది, నీకింకా కాలేదు. పైగా వాడొస్తాడని చెప్పి ఊరుకుంటుంది తప్ప నువ్వు బతుకుతావో లేదో చెప్పదు.

పద్ధతి మాత్రం పాతదే. పులి వల్ల చస్తాడని జాతకం చెబితే రాజు కొడుకుని మేడలో దాస్తాడు, గోడ మీద పులి బొమ్మే వాణ్ణి చంపుతుంది. మా అమ్మమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ముగింపు తెలిసే వినేవాళ్ళం, దుప్పటి మాత్రం తల మీదికి లాక్కునేవాళ్ళం.

ప్రశ్న: టార్చి కొడితే దయ్యం బలహీనపడటమేమిటండీ? అడుగడుగునా ఒకే కంపెనీ బ్యాటరీలు దొరకడం కూడా నవ్వొచ్చింది. (ఎలక్ట్రికల్ షాపు యజమాని, ఖమ్మం)

జవాబు: రెండో దాంట్లో మీతో ఏకీభవిస్తాను. మొదటి ఆటలో ఎనర్జైజర్ బ్యాటరీలు పేరుతో సహా కనిపిస్తాయి. ప్రాణభయంతో పరిగెత్తేవాడు బ్రాండు చూసి సెల్లులు ఏరుకోడు. 2021లో మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పేరు తీసేశారు, మంచి పని చేశారు.

టార్చి సంగతి వేరు. వెలుగు గెలుస్తుంది, చీకటి ఓడుతుంది అనేది కథల్లో అరిగిపోయిన మాటే. ఈ ఆట దాన్ని మాటగా వదిలేయకుండా చేతికి పనిగా ఇచ్చింది. చీకటి పట్టినవాళ్ళ మీద తూటా పనిచేయదు. ముందు వెలుగు వాడి మీద నిలపాలి, పొర చిట్లి కాలిపోవాలి, అప్పుడు పేల్చాలి. బటన్ గట్టిగా నొక్కితే వెలుగు ఒకచోటికి కూడుకుంటుంది, బ్యాటరీ గబగబా తగ్గిపోతుంది. వదిలేస్తే మెల్లగా నిండుతుంది. ఇద్దరు మీదికొస్తుంటే ఎవడి మీద వెలుగు ఖర్చు పెట్టాలి? అక్కడుంది భయం. దూరంగా వీధి దీపం కనిపిస్తే దాని కిందికి పరుగు. అక్కడ నిలబడితే దెబ్బలు కూడా మానిపోతాయి.

మా ఊళ్ళో మూడు సెల్లుల టార్చి ఉండేది. సెల్లులు నీరసిస్తే డాబా మీద ఎండలో పెట్టి ఇంకో రెండు రాత్రులు గడిపేవాళ్ళం. నాన్న రాత్రి పొలం నుంచి వస్తూ టార్చి వెలిగించి ఉంచేవాడు కాదు. ఆగి, వేసి, గట్టు చూసుకుని, ఆర్పేసి, గుర్తున్నంత మేర నడిచి, మళ్ళీ వేసేవాడు. నేనూ ఆటలో అలాగే నడుస్తుంటే మేనల్లుడు పడీపడీ నవ్వాడు. “అత్తా, అది దానంతటదే నిండుతుంది, వేసుకో” అన్నాడు. వేసుకోలేకపోయాను.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. నాలుగో భాగం వచ్చేసరికి అడవి, బండలు, ముగ్గురు గొడ్డళ్ళవాళ్ళు, దీపస్తంభం. మళ్ళీ అడవి, బండలు, ముగ్గురు. అక్కడ భయం పోయి పొలం పనిలా అనిపించింది.

ప్రశ్న: అమ్మా, మా మనవడు ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. ఒక దయ్యం గొడ్డలెత్తి మీదికొస్తూ గుండెకు మంచి చేసే ఆహారం గురించి చెప్తోంది. నా చెవులకేమైనా అయిందా? పిల్లలు ఆడదగ్గ ఆటేనా ఇది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జవాబు: మాస్టారూ, మీ చెవులు దివ్యంగా ఉన్నాయి. ‘ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్లు గుండెకు మంచివి’ అని అరుస్తూ ఒకడు నిజంగానే చంపడానికొస్తాడు. ఆ మాట ఈ ఆట ఆడినవాళ్ళ మధ్య పెద్ద జోకు.

నాకది జోకులా అనిపించలేదు. వీళ్ళు దయ్యాలు కారు. నిన్నటిదాకా ఆ ఊళ్ళో బతికిన మనుషులు. చీకటి వాళ్ళని పట్టుకుంది, ఆటలో ‘టేకెన్’ అంటారు. మొదట ఎదురయ్యే స్టకీ ఆ ఊళ్ళో సెలవులకొచ్చేవాళ్ళకి ఇళ్ళు అద్దెకిచ్చే మనిషి. గొడ్డలి విసురుతూ కూడా ఆ వ్యాపారం మాటలే గొణుగుతాడు. మన దగ్గర పూనకం వస్తే గొంతు మారిపోతుంది, ఒళ్ళు ఆవిడది, మాట అమ్మవారిది. ఇక్కడ తిరగబడింది. చేతులు కదిలించేది చీకటి, నోట్లోంచి వచ్చేది మాత్రం ఆ మనిషి రోజూ మాట్లాడిన చిల్లర మాటలు. చీకటికి సొంత మాటల్లేక అక్కడ దొరికినవే వాడుకుంటోందేమో అని నాకనిపిస్తుంది.

మా ప్రెస్సులో ఒక కంపోజిటరు టైఫాయిడ్ జ్వరంలో రాత్రంతా “ఇరవై నాలుగు పాయింట్లు, ఇరవై నాలుగు పాయింట్లు” అని కలవరించాడట. వాళ్ళావిడ మర్నాడు ఆఫీసుకొచ్చి, అదేమైనా అప్పు లెక్కా అని అడిగింది. అక్షరాల సైజమ్మా అని చెప్పాం. ఎవరూ నవ్వలేదు. స్టకీ మాట విన్నప్పుడు నాకు ఆవిడ మొహమే గుర్తొచ్చింది.

మనవడి వయసు రాయలేదు మీరు. అమెరికాలో మొదటి ఆటకు పదమూడేళ్ళు దాటినవాళ్ళ కోసమని ముద్ర వేశారు, రెండోదానికి పదిహేడు. రెండోది చిన్నపిల్లల ముందు పెట్టకండి. గుండె కోసి తీసిన శవంతో మొదలవుతుంది.

ప్రశ్న: భార్య మాయం, భర్త వెతుకులాట. ఇంతకంటే పాత ఎత్తుగడ ఉందా అక్కా? ఆలిస్‌కి పని ఏముంది ఇందులో, అరవడం తప్ప? (పరిశోధక విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: లేదమ్మా, ఇంతకంటే పాతది లేదు. నేను దిద్దిన సీరియళ్ళలో కథానాయికలు ఎన్నిసార్లు ఎత్తుకుపోబడ్డారో లెక్క పెడితే ఒక చిన్న ఊరు ఖాళీ అవుతుంది.

అయినా ఒక్క చోట ఆగి చూడు. ఆలిస్‌కి చీకటంటే చెప్పలేనంత భయం. ఆ సంగతి ఆటగాడికి ముందే తెలుసు. ఎందుకంటే ఆ ఇంట్లో జనరేటరు వేసి దీపాలు వెలిగించేది మనమే. మొగుడు మళ్ళీ రాస్తాడన్న ఆశతో ఆమె టైప్‌రైటర్ మోసుకొచ్చి ఆశ్చర్యపరచాలనుకుంటుంది. అతనికి కోపమొచ్చి విసవిసా బయటికి పోతాడు. చీకట్లో ఒంటరిగా ఉండలేని మనిషిని వదిలేసి! ఆ తర్వాతే దీపాలు ఆరిపోతాయి, కేక వినిపిస్తుంది. రాక్షసుడు ఎత్తుకుపోయినా తలుపు తీసిపెట్టింది మొగుడే. ఆట దీన్ని బల్లగుద్ది చెప్పదు, అలన్ కూడా చాలాసేపు ఒప్పుకోడు.

అంతమాత్రాన ఆలిస్‌కి న్యాయం జరిగిందని అనను. మొదటి ఆటంతా ఆమె ఒక కేకే, నువ్వన్నది నిజం. ఆమె ఫోటోగ్రాఫర్, సొంత బుర్ర ఉన్న మనిషి అన్నది రెండో ఆటలో కానీ పూర్తిగా బయటపడదు. అక్కడ ఆమె పావులు ఆమే కదుపుతుంది, అంతకు మించి చెప్పను. మన వారపత్రికల్లోనూ అంతే, రెండో ముద్రణకు కానీ మొదటి ముద్రణ తప్పులు దిద్దేవాళ్ళం కాదు. మధ్యలో పదమూడేళ్ళు మాత్రం పట్టేది కాదు.

ప్రశ్న: ప్రతి భాగం మొదట్లో ‘ఇంతవరకు జరిగింది’ అని చూపిస్తారు. నేను ఆ ముందు భాగం అయిదు నిమిషాల క్రితమే ముగించాను! (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మీరు ఏకబిగిన ఆడేశారు. అది మీ తప్పు, ఆటది కాదు.

ఈ ఆట ఆరు భాగాలు. ఒక్కోటి టీవీ సీరియల్ ఎపిసోడ్‌లా ఒక గట్టి మలుపు దగ్గర ఆగుతుంది, ఒక పాట వస్తుంది. మన భాషలో ‘సశేషం’. తర్వాతి భాగం మొదట్లో ‘జరిగిన కథ’. వారపత్రికలో ఆ జరిగిన కథ ఎవరు రాసేవారనుకుంటున్నారు? రచయితలకు తీరిక ఉండేది కాదు, సబ్ ఎడిటర్‌కి ఓపిక ఉండేది కాదు. ప్రూఫ్‌రీడర్ గనక కథ తెలుసు కదా అని నా నెత్తిన పడేసేవారు. యాభై మాటలు, అంతకు మించితే ప్రకటన పట్టదు.

యాభై మాటల్లో కథంతా పట్టదు కాబట్టి ఈ వారం పాఠకుడికి ఏది గుర్తుండాలో అదే రాయాలి. మూడో వారంలో తోటమాలి అబద్ధమాడాడు, అది పదో వారంలో పేలబోతోంది అనుకోండి, పదో వారం జరిగిన కథలో తోటమాలి పేరు మెల్లగా దూర్చేదాన్ని. ఒకసారి దూర్చడం మరీ ఎక్కువైందని రచయిత ఆఫీసుకొచ్చి గొడవ పెట్టుకున్నారు. తెలివైన పాఠకులు జరిగిన కథ చదివే హంతకుణ్ణి పట్టేస్తున్నారట! ఈసారి ఆడేటప్పుడు ఆ రెండు నిమిషాలు దాటేయకండి. ఏ మొహాన్ని మళ్ళీ చూపిస్తున్నారో గమనించండి.

ప్రశ్న: చివర్లో ‘ఇది సరస్సు కాదు, సముద్రం’ అంటాడు. నాకు బుర్ర తిరిగింది. అర్థం చెప్పండి. (ఓడరేవు ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: ఆట ముగించనివాళ్ళు ఈ జవాబు దాటేయండి.

ముందు అలన్ కంటే వెనకటి కథ. ఆ సరస్సు మధ్య ఇంట్లోనే థామస్ జేన్ అనే కవి ఉండేవాడు. ప్రియురాలు బార్బరా సరస్సులో మునిగి చనిపోయింది. ఆ నీళ్ళ దగ్గర రాసింది నిజమవుతుందని అతనికి తెలుసు కాబట్టి ఆమె బతికొచ్చినట్టు రాశాడు. వచ్చింది. రూపం ఆమెదే, లోపల ఉన్నది మాత్రం చీకటి. చనిపోయినవాళ్ళని వెనక్కి పిలిస్తే వేరేదేదో వస్తుందనేది ప్రతి దేశపు కథల్లోనూ ఉన్నదే. జేన్ చేసిన తప్పు ప్రేమ కాదు, లెక్క. ఇచ్చింది ఏమీ లేకుండా తీసుకున్నాడు. చివరికి ఆమె గుండె కోసి తీసి, ఆమెతో కలిసి నీళ్ళలోకి దిగి, తన పుస్తకాలూ తన పేరూ లోకంలోంచి చెరిగిపోయేలా రాసుకున్నాడు. ఒక్క చెప్పుల పెట్టెలో ఉన్నవి తప్ప.

అలన్ ఆ లెక్క సరిచేస్తాడు. ఆలిస్ పైకి రావాలంటే ఒకరు కింద ఉండాలి. తనే ఉండిపోతాడు. సరస్సు అనుకుని దూకాడు, ఒడ్డు కనబడాలి కదా. కనబడలేదు. మీరు ఓడరేవులో పనిచేస్తారు కాబట్టి ఈ ముక్క నాకంటే మీకే బాగా తెలియాలి: చెరువులో పడ్డవాడు ఏదో ఒక గట్టుకు చేరతాడు.

నన్ను వెంటాడింది ఆ మాట కాదు. ఆ పెట్టెలో ‘క్లికర్’ అని ఒక లైటు స్విచ్చు ఉంటుంది. తీగ తెగిన ఉత్త స్విచ్చు. చిన్నప్పుడు చీకటికి భయపడుతుంటే అలన్ తల్లి అతనికిచ్చింది, నొక్కితే వెలుగొస్తుందని. దానితో పాటు పెట్టెలో ఒక పేజీ ఉంటుంది. ఏడేళ్ళ అలన్‌కి తల్లి ఆ స్విచ్చు ఇవ్వడం గురించి ఆ పేజీలో జేన్ రాసి ఉంటాడు. మరి అలన్ నిజంగా పుట్టినవాడా, జేన్ రాస్తే వచ్చినవాడా? లేక జేన్‌నే అలన్ రాశాడా? భేతాళుడు భుజం మీదుంటే ఈ ప్రశ్న వదిలేవాడు కాదు. రెమెడీవాళ్ళు రెండో ఆటలోనూ తేల్చలేదు. తేల్చకపోవడమే నాకు నచ్చింది, మా మేనల్లుడికి నచ్చలేదు.

ప్రశ్న: మేడమ్, ఒక సవరణ. అలన్ మొహం ఆ ఆట రాసిన సామ్ లేక్‌దే అని పోయిన నెల రాశారు. తప్పు. (డాలస్‌లో స్థిరపడ్డ తెనాలివాడు)

జవాబు: ఒప్పుకుంటున్నాను. ప్రూఫ్‌రీడర్ తప్పును ఇంకొకరు పట్టుకోవడం ఎంత నామోషీయో మీకు తెలియదు నాయనా.

అలన్ మొహం ఇల్కా విల్లీ అనే ఫిన్లండ్ నటుడిది, గొంతు మాథ్యూ పొరెట్టాది. సామ్ లేక్ మొహం కనిపించేది 2001లో వచ్చిన ‘మ్యాక్స్ పేన్’లో, మళ్ళీ 2023లో ‘అలన్ వేక్ 2’లో అలెక్స్ కేసీగా. అలెక్స్ కేసీ అంటే అలన్ తన నవలల్లో సృష్టించిన డిటెక్టివ్. రెండో ఆటలో అదే పేరుతో, అదే మొహంతో ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు నిజంగా కారు దిగుతాడు. నేను తికమకపడ్డానంటే కొంత వాళ్ళ పుణ్యం కూడా ఉంది.

ప్రాయశ్చిత్తంగా ఒక ముక్క: సామ్ లేక్ అసలు పేరు సామి యార్వి. ఫిన్నిష్‌లో ‘యార్వి’ అంటే సరస్సు, ఇంగ్లీషులో ‘లేక్’. కథంతా సరస్సు చుట్టూ తిరగడం ఊరికే కాదు. ‘ఎ. వేక్’ అని కలిపి పలికితే ‘అవేక్’, మేలుకున్నవాడు. మన శతకకారులు సంతోషించే శ్లేష.

ప్రశ్న: భయపెట్టే ఆటలో డాన్సులేమిటండీ? రెండో భాగంలో స్టేజీ మీద పాట పెట్టారట. మన సినిమాల మీద జోకులు వేసేవాళ్ళు దీన్ని మాత్రం మెచ్చుకుంటున్నారు! (నాటక కళాకారుడు, రాజమండ్రి)

జవాబు: నిజమే, మెచ్చుకుంటున్నారు, నేనూ మెచ్చుకుంటున్నాను. మీ ఉడుకుమోత్తనం కూడా న్యాయమే.

ఆ ఘట్టం ఇదీ. అలన్ చీకటి లోకంలో ఒక టీవీ స్టూడియోలోకి అడుగుపెడతాడు. పెద్ద పెద్ద తెరల మీద నిజమైన నటులు అతని జీవితాన్నే పాటగా పాడుతూ నాట్యం చేస్తుంటారు, అందులో సామ్ లేక్ కూడా ఉన్నాడు. మన చేతిలో టార్చి, తుపాకీ. తెర మీద కోరస్, తెర సందుల్లో శత్రువులు. పాట ‘ఓల్డ్ గాడ్స్ ఆఫ్ ఆస్గార్డ్’ అనే కల్పిత రాక్ బృందానిది, వెనక నిజంగా వాయించేది ‘పోయెట్స్ ఆఫ్ ది ఫాల్’ అనే ఫిన్లండ్ బృందం. మన పాటలకూ దానికీ తేడా అడిగితే ఒకటే చెప్తాను. ఆ పాట ‘జరిగిన కథ’ పని చేస్తుంది. పదమూడేళ్ళ క్రితం ఆట ఆడి మర్చిపోయినవాళ్ళకు, అసలు ఆడనివాళ్ళకు కథంతా పాటలో అందుతుంది. మీరు నాటకాలవారు, సూత్రధారుడి పని మీకు నేను చెప్పాలా?

రెండో ఆటలో నాకు పాటకంటే నచ్చింది ఇంకోటుంది. అలన్ దగ్గర ఒక బోర్డు ఉంటుంది. తను నిలబడ్డ చోటు పేరు ఒక వైపు, దొరికిన కథాంశాలు ఒక వైపు. నరబలులిచ్చే ముఠా, గల్లంతైన ఏజెంటు, ఇలాంటివి. ఒకటి తీసి ఆ చోటుకు తగిలిస్తే ఆ చోటే మారిపోతుంది. ఇందాకటి ఖాళీ సబ్‌వే ప్లాట్‌ఫారం కాస్తా ముఠా పూజలు చేసిన చోటవుతుంది, మూసుకున్న దారి తెరుచుకుంటుంది. అంటే ఇన్నాళ్ళూ మనం పాత ఎత్తుగడ అని ఈసడించిన వాటినే తాళంచెవుల గుత్తి చేసి ఆటగాడి చేతిలో పెట్టారు. మా ఎడిటర్‌గారు ఒక రచయితతో “ఈ వారం శవం వద్దండి, పెళ్ళి పెట్టండి” అన్నప్పుడు కథలో హాలంతా మామిడాకులతో నిండిపోవడం నేను ప్రూఫులో చూశాను. ఆ బోర్డు ముందు నిలబడగానే అదే గుర్తొచ్చింది. ఏ అంశం తగిలిస్తే దారి దొరుకుతుందో తెలియక ఒక సాయంత్రమంతా గోడలు మార్చుకుంటూ కూర్చున్నాను, అన్నం చల్లారిపోయింది.

ప్రశ్న: ఇలాంటిది మన ఊరి కథతో ఎందుకు రాదు? (చిన్న ఉత్తరం, పేరూ ఊరూ లేవు)

జవాబు: ఫిన్లండ్‌వాళ్ళు మొదటి ఆటలో అమెరికా ఊరే కట్టారు. డైనర్, షెరిఫ్, దుప్పుల పండగ, అన్నీ అమెరికా టీవీలో చూసినవే. తమ భాష, తమ పాటలు, తమ జలదేవత అహ్తీ పేరు పెట్టుకున్న ముసలాయన, ఇవన్నీ అలన్ కథలోకి పదమూడేళ్ళ తర్వాత రెండో ఆటకు గానీ అంత ధైర్యంగా రాలేదు. అహ్తీ నేల తుడిచే మనిషి, ఊరికే వచ్చి ఫిన్నిష్‌లో పాడి పోతాడు. అర్థం కాకపోయినా అతను కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది. మనవాళ్ళు మొదటిది చేస్తే రెండోదాని కోసం నేను ఆగుతాను, వయసు సహకరిస్తే.

ప్రశ్న: ‘కంట్రోల్’ ఆడకుండా ‘అలన్ వేక్ 2’ ఆడొచ్చా? (గుంటూరు)

జవాబు: ఆడొచ్చు. అదే సంస్థ 2019లో తెచ్చిన ఆట అది, 2020లో దానికి కలిపిన ‘ఏడబ్ల్యూఈ’ అనే భాగంలో అలన్ కనిపిస్తాడు. ముందు ఆడితే కొన్ని మాటలు ఎక్కువ అర్థమవుతాయి.

ప్రశ్న: మొదటి రాత్రే భయమేసి ఆపేశాను. అందరూ నవ్వుతున్నారు. (ఇంటర్ విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: పగలు ఆడు తల్లీ. బ్యారీ వచ్చేదాకా ఓపిక పట్టు. అలన్ పుస్తకాల వ్యవహారాలు చూసే ఏజెంటు, స్నేహితుడు. ఒంటికి క్రిస్మస్ దీపాల తోరణం చుట్టుకుని చీకటి మీదికి బయల్దేరతాడు. అతణ్ణి చూశాక రాత్రి కూడా ఆడగలవు.

ప్రశ్న: మొదటి ఆటలో దాచిన కాఫీ థర్మాసులు వంద. మీకు ఎన్ని దొరికాయి మేడమ్? నిజం చెప్పాలి. (విజయనగరం)

జవాబు: తొంభై ఏడు. మిగతా మూడూ ఎక్కడున్నాయో మేనల్లుడికి తెలుసు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా చెప్పబోతాడు, నేను ఫోన్ పెట్టేస్తాను.